నల్లవాగు, ఖాళీ

సెప్టెంబరు 7, ఆదివారం

మా ఎమిలియాన్ పెళ్ళికి పంఫిల్ గారే ధర్మతండ్రిగా నిలబడతానన్నారు. ఆయనంతట ఆయనే అన్నారు. నేను అడగలేదు, అడిగే ధైర్యం నాకెక్కడిది. చర్చి మెట్ల మీద, ఊరంతా చూస్తుండగా, నా భుజం మీద చెయ్యి వేసి, "గవ్రిలన్నా, నీ కొడుకు వెనక కొవ్వొత్తి పట్టుకునే భాగ్యం నాకియ్యి" అన్నారు. ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాను.

జీవితమంతా పాలబండి తోలినవాణ్ణి నేను. చదివింది ఎనిమిది. ఆయన రంపపు మిల్లులో ఈ లోయలో సగంమంది పనిచేస్తారు. అలాంటి మనిషి మావాడి తల మీద పెళ్ళి కిరీటం సర్ది, వాడికి రెండో తండ్రి అవుతాడు. ధర్మతండ్రి అంటే మాటలా. కన్నవాళ్ళు పోయినా ఆ బంధం పోదు. ఆయనకు ఎదురు చెప్పకూడదు, కీడు తలపెట్టకూడదు. ఆయనా అంతే. ఆయన మమ్మల్ని మరిచిపోలేదు, అదీ గొప్ప. కొత్త లారీ కొన్నప్పుడు దిష్టి తగలకుండా మా ఆవిడ సవేతా అల్లిన ఎర్ర ఉన్ని కుచ్చు దాని అద్దానికి కట్టింది నేనే, గుర్రానికి కట్టినట్టు. అది గుర్తుపెట్టుకుని ఉంటారు.

ఇంటికొచ్చి చెబితే సవేతా పిండి చేతులు దులుపుకుంటూ, "ఎందుకట?" అంది.

"ఎందుకేమిటి. మనవాడంటే ఇష్టం."

"ఇన్నేళ్ళు లేని ఇష్టం వాడు ఫారెస్టు గార్డు అయ్యాక పుట్టిందా?"

దేవుడే వచ్చి స్వర్గం చూపిస్తే, ఊడ్చి ఎన్నాళ్ళయిందని అడుగుతుంది నా భార్య.

ఎమిలియాన్ కూడా కాసేపు నసిగాడు. "నాన్నా, ఆయన దుంగలు కోసేవాడు, నేను దుంగలు లెక్కపెట్టేవాణ్ణి. ఇద్దరం ఒకే కొవ్వొత్తి కింద ఎలా?"

"పెళ్ళిరోజు ఎవరూ దుంగలు లెక్కపెట్టరు లేరా" అన్నాను. నవ్వాడు. పక్కనే ఉన్న పెళ్ళికూతురు ఒటీలియా వైపు చూశాడు. మందులషాపులో పనిచేస్తుంది ఆ పిల్ల, బంగారం, వీడికి ఉద్యోగం స్థిరపడేదాకా ఓపిగ్గా కాచుకుని ఉంది. ఆమె తలూపింది. వాడు సరేనన్నాడు. నవంబరు రెండున పెళ్ళి, ఉపవాసాలు మొదలయ్యేలోపు.

అందరికీ చెప్పాలి. ముందు మా చెల్లెలు కత్రీనాకు. తొడేర్ బావకు ఫోనులో కాదు, ఎడమ చెవి వినబడదు, కుడిపక్కన నిలబడి అరవాలి.

సెప్టెంబరు 8

ఈవేళ పలక ముందు కూర్చున్నాను కానీ మనసు పెళ్ళి మీదే.

పలక అంటే టాబ్లెట్. ఆఫీసువాళ్ళు ఎమిలియాన్‌కు ఇచ్చారు. అడవిలో చెట్లకు కెమెరాలు కట్టి ఉంటాయి, ఏది కదిలినా అర నిమిషం తీస్తాయి. మావాడు వారానికోసారి కార్డులు మార్చి తెస్తాడు. ఒక్కో క్లిప్పూ చూసి, పేరు పెట్టి, దాని డబ్బాలో వేసే పని నాది. చోటు, తేదీ, కనబడింది. "సన్నలోయ, సెప్టెంబరు 5, ఆడ ఎలుగు, పిల్ల." ఫోల్డర్ అంటాడు వాడు. నాకు డబ్బా అంటేనే తెలుస్తుంది, పాలడబ్బాలు అలాగే వేరుచేసేవాణ్ణి. ఎలుగులు, జింకలు, పందులు, మనుషులు, బండ్లు. కొమ్మ ఊగి కెమెరా మోసపోతే ఖాళీ.

"నాన్నా, నాకు ఇవన్నీ చూసే తీరిక లేదు. మనుషులు, బండ్లు, ఈ రెండు డబ్బాలే తెరుస్తాను. బండి కనబడిన చోటికి పోలీసుల్ని వెంటబెట్టుకుపోతాను. ఖాళీ అన్నచోటికి ఒక్కణ్ణే పోతాను. నా కాళ్ళు నీ కళ్ళ మీద నడుస్తున్నాయి" అన్నాడు మొదటిరోజే. ఈ వయసులో నా కళ్ళ అవసరం ఒకరికి పడింది. అంతకంటే ఏం కావాలి.

కార్డు మార్చినప్పుడల్లా వాడు కెమెరా ముందు నిలబడి టోపీ తీసి ఊపుతాడు, నాకోసం. ఈవేళ్టి క్లిప్పులో, "నాన్నా, గడ్డం గీసుకోలేదు, నన్ను ఎలుగుల డబ్బాలో వెయ్యి" అంటున్నాడు. సవేతాను పిలిచి చూపించాను. వాటికి వేరే డబ్బా చేసుకున్నాను. దాని పేరు మావాడు.

సెప్టెంబరు 14

ఒటీలియా గౌను కుట్టడానికి ఇచ్చారు. సవేతా పాటలు పాడుతోంది.

సెప్టెంబరు 17

నల్లవాగు క్లిప్పులు. తెల్లవారుజాము, మంచు. ఒక లారీ, దుంగలు నిండా. నంబరు మీద బురద పూసి ఉంది. అద్దానికి ఎర్రగా ఏదో వేలాడుతోంది.

మంచులో ఎరుపు, నలుపు ఒకలాగే ఉంటాయి. నా కళ్ళజోడు పాతది.

"నల్లవాగు, సెప్టెంబరు 15, కొమ్మ ఊగింది." ఖాళీ.

సెప్టెంబరు 18

ఈ లోయలో ఎర్ర కుచ్చు లేని బండి ఏది.

సెప్టెంబరు 24

ఎంత మంచిరోజు. పంఫిల్ గారు స్వయంగా మా ఇంటికొచ్చారు. ఎమిలియాన్‌కు పెళ్ళి బూట్లు తెచ్చారు, మెత్తటి తోలు. భార్య జెనోవియా గారు ఒటీలియాకు తెల్ల శాలువా పంపారు. ఆల్‌బుఖారా సారాయి పోశాను. సవేతా జున్ను ముక్కలు పెట్టి వంటింట్లోకి పోయి మళ్ళీ రాలేదు, దాని తీరు అంతే.

"ఆ పలకలో రోజంతా ఏం చూస్తావు గవ్రిలన్నా? ఆడవాళ్ళనా?" అన్నారు.

"ఆడ ఎలుగుల్ని" అన్నాను. పడీ పడీ నవ్వారు. అంత పెద్దమనిషి నా మాటకు నవ్వితే ఉబ్బిపోయాను. పలక తెచ్చి పక్కన కూర్చున్నాను. ఎలుగును చూపించాను, పందుల గుంపును చూపించాను. తరవాత మావాడి డబ్బా తెరిచి, వాడు టోపీ ఊపేవన్నీ ఒక్కొక్కటీ చూపించాను. ఎంత శ్రద్ధగా చూశారో. సన్నలోయ క్లిప్పునైతే రెండుసార్లు పెట్టమన్నారు.

"ఆ వెనక కనబడే బండరాయి గుర్రపుతల కాదూ? అబ్బాయి అక్కడిదాకా పోతాడా?"

"అక్కడిదాకా, ఇంకా పైకి కూడా. ఒక్కడే."

"ఒక్కడేనా" అన్నారు. పాపం, బెంగపడ్డారు. కన్నతండ్రిలా బెంగపడ్డారు.

వెళ్ళేటప్పుడు నన్ను కౌగిలించుకున్నారు. ఆ బూట్లు ఎమిలియాన్ కాళ్ళకు అచ్చం అతికినట్టు సరిపోయాయి. కొలత ఎవరు చెప్పారో అని సవేతా అడిగింది. నేనైతే చెప్పలేదు.

సెప్టెంబరు 28

సన్నలోయ కెమెరా పగలగొట్టారు. గుర్రపుతల దగ్గరది కూడా.

ఎమిలియాన్ అన్నం ముందు కూర్చుని తినడం మరిచిపోయాడు. "ఎక్కడున్నాయో ఎవరో చెప్పారు నాన్నా. ఆకులతో కప్పి పెట్టాను. నాకు, అక్సింతె గారికి తప్ప తెలియదు." అక్సింతె వాడికి పైవాడు, ముసలి గార్డు, గడ్డిలో నడిచినా చప్పుడు కాదు. ఆయన ఎవరితోనూ పలకడు, ఇక చెప్పేదేమిటి.

"ఎలుగు కొట్టిందేమో" అన్నాను.

"గొడ్డలితోనా?"

కంచం పక్కకు జరిపి మళ్ళీ అన్నాడు. "నల్లవాగు ఎప్పుడు చూసినా ఖాళీ అని రాస్తున్నావు. అక్కడ జింకలు కూడా రావడం మానేశాయి. ఎందుకంటావు?"

"గాలి ఎక్కువ అక్కడ."

తలూపాడు. నా మాట అంటే వాడికి అంతే. నల్లవాగు పైన పిడుగు పడి చీలిన ఓక్ చెట్టు ఉంది కదా, దాని తొర్రలో కొత్త కెమెరా పెడతాడట. అక్సింతెకు కూడా చెప్పడట. నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియకూడదు అన్నాడు. ఎవరికీ చెప్పను. పంఫిల్ గారికి కూడా చెప్పను. ఆయన పేరు ఎందుకు రాశానో, ఆయనకేం సంబంధం.

సెప్టెంబరు 30

నెలాఖరుకు ఖాళీ డబ్బా తుడిచెయ్యాలి. రేపు చేస్తాను.

అక్టోబరు 2

మళ్ళీ నల్లవాగు. ఈసారి మంచు లేదు. తొర్రలో కెమెరా కదా, బాగా దగ్గర. సవేతా వెనక నిలబడి ఉందని నాకు తెలియదు.

"ఆపు. వెనక్కి పోనియ్యి."

"ఏముంది అందులో. ట్రాక్టరు, గడ్డి మోస్తోంది."

"గడ్డికి బెరడు ఉంటుందా? ఆ కుచ్చు నేను అల్లింది."

"కళ్ళజోడు పెట్టుకుని మాట్లాడు."

"చివర ముడి రెండుసార్లు తిప్పుతాను, మా అమ్మలాగా. ఊళ్ళో ఇంకెవరూ అలా తిప్పరు. నా చేతి ముడి నాకు కళ్ళజోడు లేకుండానే తెలుస్తుంది." దణ్ణం పెట్టుకుంది. "పిల్లాడికి చెప్పు."

"చెబితే వాడు పోయి కేసు రాస్తాడు. ధర్మతండ్రి మీద కేసు రాసిన పెళ్ళికొడుకు పెళ్ళికి ఎవరొస్తారు? ఒటీలియా వాళ్ళమ్మ పిల్లనిస్తుందా? పెళ్ళి కానియ్యి. ఆ తరవాత పంఫిల్ గారే అటు పోవడం మానేస్తారు, సొంత మనుషులమైపోతాం కదా."

"పెళ్ళి దాకా ఆ పిల్లాడు అడవికి పోడా మరి?"

"నల్లవాగు, అక్టోబరు 1, కొమ్మ." ఖాళీ. మొక్కజొన్న సంకటిలో ఉప్పు ఎక్కువైంది ఈవేళ. అలాగే తిన్నాను.

అక్టోబరు 6

ఎమిలియాన్ పెళ్ళికోటు తొడిగి చూశాడు. ఒటీలియా గుండీలు పెడుతూ, "మామయ్యా, మీ అబ్బాయి ఇందులో బ్యాంకు మేనేజరులా ఉన్నాడు, నాకు గార్డే కావాలి, మార్చివ్వండి" అంది. వాడు బూట్లతో నేలను తన్నుతూ ఇల్లంతా ఆడాడు. చెప్పాలనే వాడి పక్కకు వెళ్ళాను. భుజం మీద దూది అంటుకుంటే తీసేసి వచ్చాను.

గురువారం నల్లవాగుకు పోతాడట. ఖాళీయే కదా, ఒక్కణ్ణే పోయివస్తాను, కార్డు మార్చి మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటాను అన్నాడు.

ఒక ఆలోచన వచ్చింది. ఇంత తేలిక మార్గం ఇన్నాళ్ళూ తట్టలేదు నాకు.

అక్టోబరు 7

మనసు దూదిపింజలా ఉంది. పంఫిల్ గారి దగ్గరకు వెళ్ళివచ్చాను.

మిల్లు వరండాలో కూర్చోబెట్టి కాఫీ తెప్పించారు. ఎంత మర్యాదగా మాట్లాడానంటే, నేనే ఆశ్చర్యపోయాను. లారీ మాట ఎత్తలేదు, కుచ్చు మాట ఎత్తలేదు. "మీ పనివాళ్ళు తెలియక ఎవరైనా నల్లవాగు వైపు పోతుంటే, ఈ గురువారం ఒక్కరోజు పోకుండా చూడండి" అన్నాను.

"నల్లవాగా? నాకు అటు పనేముంది గవ్రిలన్నా."

"నాకు తెలుసు. మావాడు ఆ రోజు అటు పోతాడు. ఎవరికీ ఎవరూ ఎదురుపడకుండా ఉంటే, పెళ్ళి ముందు, బాగుంటుందని."

"పోలీసులతోనా?"

"లేదు లేదు, ఒక్కడే. పొద్దున పోయి మధ్యాహ్నానికి వచ్చేస్తాడు."

కప్పులో చక్కెర చాలాసేపు కలిపారు. ఆయన చక్కెర వేసుకోరు అనుకునేవాణ్ణి. "మంచిపని చేశావు చెప్పి" అన్నారు. "నువ్వు కాకపోతే ఎవరు చెబుతారు." గేటు దాకా వచ్చి సాగనంపారు.

ఒక్కమాటతో అంతా సర్దుకుంది. సవేతాకు చెబితే గిన్నె కింద పెట్టేసింది. తరవాత ఎమిలియాన్‌ను గురువారం వద్దని బతిమాలింది. పెళ్ళికొడుకు అడవికి పోకూడదంది. "అమ్మా, అది ఖాళీ లోయ" అన్నాడు వాడు, నా వైపు చూసి కన్ను కొట్టి.

అక్టోబరు 9, గురువారం

రెండు గుడ్లు తిని బయల్దేరాడు. ఎండ బాగుంది.

మధ్యాహ్నం దాటింది. పుల్లచారు వాడికని పొయ్యి అంచున పెట్టి ఉంచింది సవేతా.

వాగు దగ్గర సిగ్నల్ ఉండదు. ఎప్పుడూ ఉండదు.

పొద్దుగూకింది. కొత్త కోటు పొట్లం పురికొస విప్పి మళ్ళీ మడతపెట్టాను.

అక్టోబరు 10

అక్సింతె మనుషుల్ని తీసుకుని వెళ్ళాడు. నన్ను రావద్దన్నాడు.

అక్టోబరు 11, శనివారం

దుంగ కింద దొరికాడు. నిన్న మధ్యాహ్నం.

ఏటవాలులో దుంగ జారిందంటున్నారు. ఎవరి దుంగ అని ఎవరూ అనడం లేదు.

అందరికంటే ముందు పంఫిల్ గారు వచ్చారు. నా కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఏడ్చారు. నిజంగా కన్నీళ్ళు. "నా మాట మాటే గవ్రిలన్నా" అన్నారు. "పెళ్ళికాని పిల్లాణ్ణి పెళ్ళికొడుకుగానే సాగనంపుతాం కదా. కిరీటం నేనే పెడతాను. కొవ్వొత్తి నేనే పట్టుకుంటాను." నేను ఆయన తల మీద చెయ్యి వేశాను. నా చెయ్యే అది.

లేచి, ముఖం తుడుచుకుని, మెల్లగా అడిగారు. "అక్కడ కెమెరా ఏమైనా ఉందా? ఎలా జారిందో తెలుస్తుందని."

సవేతా శవం దగ్గర నుంచి తలెత్తింది.

"లేదు" అన్నాను. "నల్లవాగు ఖాళీ కదా." ఆయన ఊపిరి వదిలారు. ఆ ఊపిరి నా చెంపకు తగిలింది.

ఆయన వెళ్ళాక అక్సింతెను దొడ్లోకి పిలిచి, చీలిన ఓక్ చెట్టు సంగతి చెప్పాను. "ఇంతదాకా నాకెందుకు చెప్పలేదు పెద్దాయనా?" అన్నాడు. "మావాడు ఎవరికీ చెప్పద్దన్నాడు" అన్నాను. అదొక్కటే నేను వాడి మాట విన్నది. అక్సింతె అప్పుడే అటు బయల్దేరాడు. కార్డు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "మీ పని మీరే చెయ్యండి" అన్నాడు.

మొదటి క్లిప్పు. ఎమిలియాన్ తొర్ర ముందుకు వచ్చి టోపీ తీసి ఊపాడు. "నాన్నా, నువ్వు ఖాళీ అన్నచోట చక్రాల జాడలు మోకాలి లోతున ఉన్నాయి. నీ కళ్ళజోడు పాడైంది, ఏం మనిషివి, చెప్పవేం. శనివారం పట్నం పోయి కొత్తది చేయిద్దాం. పెళ్ళిలో నన్ను చూడాలిగా."

శనివారం ఈవేళే.

వెనక ఇంజను చప్పుడు. వాడు తిరిగి చూశాడు. లారీ, కుచ్చు. వాడు పారిపోలేదు. టోపీ చేతిలోనే ఉంది, దాన్ని గుండెకు ఆనించి, "ధర్మతండ్రి గారా? మీరేమిటి ఇటు?" అన్నాడు. అర నిమిషం అయిపోయింది.

రెండో క్లిప్పులో పంఫిల్, ఆయన మనుషులు ఇద్దరు, మావాడు. దాని గురించి ఇక్కడ రాయను. పేరు మాత్రం పెట్టాను. చోటు, తేదీ, కనబడింది. మూడు పేర్లూ రాశాను. మనుషులు.

తరవాత ఖాళీ డబ్బా తెరిచాను. తుడిచేస్తాను తుడిచేస్తాను అనుకుంటూ తుడవలేదు, దేవుడికి తెలుసు ఎందుకో. లారీ క్లిప్పులన్నీ బయటికి తీసి, కొమ్మ అన్న మాట చెరిపి, నిజం పేర్లు పెట్టాను. బండ్లు, బండ్లు, బండ్లు. సవేతా పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

టోపీ ఊపిన క్లిప్పు ఎక్కడ వెయ్యాలో చాలాసేపు తెలియలేదు. ఒకే క్లిప్పు రెండు డబ్బాల్లోనూ పెట్టవచ్చు, అదెలాగో వాడే నేర్పాడు. చివరికి మనుషుల డబ్బాలో పెట్టాను, మావాడి డబ్బాలో కాదు. అందులో వాడు ఊరికే నవ్వుతూ ఉండాలి.

అక్సింతె పలక తీసుకుని జిల్లా ప్రాసిక్యూటర్ దగ్గరకు బయల్దేరాడు. ఇక్కడి ఠాణాకు ఇవ్వద్దన్నాను. ఖాళీ అని రాసింది ఎవరని అడిగితే నా పేరు చెప్పమన్నాను. గురువారం అని పంఫిల్‌కు చెప్పింది ఎవరని అడిగినా నా పేరే.

సోమవారం పెళ్ళికోటులో సాగనంపుతాం. కోటు మాది. ఆ బూట్లు తొడగం, వాడి పాత బూట్లే. పెళ్ళికాని వాళ్ళ శవయాత్ర ముందు పట్టే దేవదారు కొమ్మకు రిబ్బన్లు సవేతా కడుతోంది. ఎర్ర ఉన్ని వాడటం లేదు.

చెప్పవలసినవాళ్ళు:

ఒటీలియా. నిన్ననే తెలిసింది, కానీ లారీ సంగతి, నా సంగతి తెలియదు. రేపు నేనే వెళ్ళి, నిలబడి చెప్పాలి. గౌను వేసుకుని వస్తుందో రాదో ఆమె ఇష్టం.

ఒటీలియా వాళ్ళమ్మ.

చెల్లెలు కత్రీనా. పెళ్ళికని బస్సు టిక్కెట్టు కొనుక్కుంది, దాన్ని మార్చుకోమనాలి.

తొడేర్ బావ. ఫోనులో కాదు. కుడిపక్కన నిలబడి అరవాలి. ఎలా అరవాలో.

సవేతా అన్నలు ఇద్దరూ, కొండ అవతల.

జెనోవియా. ఆమెకు ఏమీ తెలిసి ఉండదు. శాలువా తిరిగి ఇచ్చేటప్పుడు.

అక్సింతె. రాగానే అడగాలి, కొవ్వొత్తి ఆయన పట్టుకుంటాడా అని.

పంఫిల్‌కు కబురు అక్కర్లేదు.